సముద్రగర్భపు గొట్టములు – అతుకుల లెక్క

మెట్టసీమనుండి సముద్రమును గూర్చి వ్రాయుట కొందఱికి వింతగా తోచవచ్చును. వానచినుకుకై యాకాశమువంక చూచు దేశము మనది. నాపరాళ్లు త్రవ్వి, పలకలుగా చీల్చి, నునుపు చేసి యితర ప్రాంతములకు పంపి బ్రదుకు పట్టణము బేతంచెర్ల. ఇచ్చటి పఠనమందిరమునకు వచ్చువారికి కడలి యడుగున పరచిన యుక్కు గొట్టములతో నేమి పని యని యడుగుట సహజమే. పని కలదు. మన రైతు పొలమున చల్లు యూరియాకు ఈ దేశమున ముఖ్యమైన ముడిసరకు సహజవాయువు. కృష్ణా గోదావరీ తీరపు సముద్రమునుండి 2009లో వాయువు వెలువడినప్పుడు ప్రభుత్వము దానిలో ముందు భాగమును ఎరువుల కర్మాగారములకే కేటాయించెను. కడలి గొట్టము పగిలినచో ఆ దెబ్బ తీరముననే యాగదు, మెట్టపొలమువఱకు వచ్చును.

అంతకంటె ముఖ్యమైన సంగతి మఱియొకటి కలదు. ఆ గొట్టముల క్షేమము ఏ శాస్త్రముపై నాధారపడి యున్నదో, మన జలాశయముల గేట్లును, విద్యుత్కేంద్రములకు నీరు దింపు పెనుగొట్టములును, మన యూరిమీదుగా పోవు రైలుపట్టాలును ఆ శాస్త్రముపైననే యాధారపడి యున్నవి. వెల్డింగు చేసిన యతుకులో ఎంత బిగువు దాగియున్నదో ముందుగా లెక్కించి తెలిసికొను శాస్త్రమది. నేడు ఆ లెక్కను కంప్యూటరులు చేయుచున్నవి. ఆ విషయమున మా యభిప్రాయమును మొదటనే చెప్పుచున్నాము. ఆ లెక్కలోని మర్మము మనవారికి తెలియవలెను. ఆ లెక్క కొలతకు లోబడి యుండవలెను. ఆ లెక్కవలన తేలిన సంగతి గొట్టము ప్రక్కన బ్రదుకు ప్రజల చెవిని పడవలెను. ఈ మూడింటిలో నేది లోపించినను మిగిలిన రెండును వ్యర్థములే.

ముందుగా మన తీరమున నేమున్నదో చూతము. కోనసీమ తీరపు రవ్వ క్షేత్రమునుండి 1993లో చమురు రా నారంభించెను. కాకినాడకు దక్షిణముననున్న గాడిమొగ గ్రామమువద్ద ఒడ్డు చేరు కేజీ-డి6 వాయువు 2009 ఏప్రిలునెలలో మొదలయ్యెను. ఆ క్షేత్రమునందలి ఆర్-క్లస్టరు అను భాగము 2020 డిసెంబరులో ఉత్పత్తికి వచ్చెను. అచ్చట సముద్రము 2,000 మీటర్లకు మించిన లోతు గలది. ఓ.ఎన్.జి.సి. వారి 98/2 క్షేత్రమునుండి 2024 జనవరి 7వ తేదీన తొలి చమురు వెలువడెను. నీటిలో పది మీటర్లు దిగినకొలది ఒక్కొక్క వాతావరణపు ఒత్తిడి అధికమగును. 2,000 మీటర్ల లోతున ఆ యొత్తిడి రెండువందల వాతావరణములు. అనగా వ్రేలిగోరంత స్థలముమీద రెండు క్వింటాళ్ల బరువు నిలిచినట్లు. లోపలనుండి వాయువు నెట్టును, వెలుపలనుండి సముద్రము నొక్కును. ఆ రెంటి నడుమ నున్నది అంగుళమో, అంతకు కొంచె మెక్కువతక్కువో మందముగల యుక్కు.

ఆ యుక్కు ఒక్కటే తునక కాదు. కర్మాగారమునుండి వచ్చు గొట్టపుముక్క సుమారు 12 మీటర్ల పొడవుండును. ఓడమీద ముక్కకు ముక్కను చేర్చి చుట్టును వెల్డింగు చేయుదురు. ఈ లెక్కన కిలోమీటరునకు ఎనుబదికి పైగా నతుకులు పడును. తీరమునకు పదుల కిలోమీటర్ల దూరమున నున్న బావి యనగా వేలకొలది యతుకులు. ఒక్కొక్క యతుకును శబ్దతరంగములతో పరీక్షించి, పూత పూసి, నీటిలోనికి దింపుదురు. లోతు తక్కువైనచో గొట్టము ఎస్ అక్షరమువలె వంగి దిగును. లోతు మిక్కుటమైనచో ఇంచుమించు నిలువుగా, జె అక్షరమువలె దిగును. దిగునప్పటి వంపు అప్పుడే చల్లారిన యతుకుపై మఱియొక భారమును మోపును. గొలుసునకు బలము దాని బలహీనమైన కొంకియే యన్నట్లు, ఆ గొట్టమునకు బలము దాని యతుకులే.

ఇక అతుకులోని బిగువనగా నేమి? మన పల్లెలలో బండిచక్రమునకు ఇనుప పట్టా తొడుగుటను చూచినవారి కిది వివరింప నక్కఱలేదు. కమ్మరి పట్టాను చక్రముకంటె కొంచెము చిన్నదిగా చేయును. దానిని మంటలో నెఱ్ఱగా కాల్చును. వేడికి పట్టా పెరుగును. అప్పుడు పట్టకార్లతో నెత్తి చక్రమునకు తొడిగి నీళ్లు పోయును. పట్టా కుంచించుకొని కొయ్యను పట్టివేయును. అటుపిమ్మట బండి కదలకున్నను, బరువు లేకున్నను, ఆ పట్టా లాగుచునే యుండును, ఆ కొయ్య నలుగుచునే యుండును. పైకి చూచువానికి ఏమియు కానరాదు. కమ్మరి ఆ బిగువును కోరి తెచ్చుకొనుచున్నాడు. అది చక్రమునకు మేలు చేయుచున్నది. గొట్టపు టతుకులో నట్టి బిగువే ఎవరును కోరకుండ వచ్చి చేరుచున్నది. కరగిన లోహము చల్లారుచు కుంచించుకొనవలెనని చూచును. దాని కిరుప్రక్కల నున్న చల్లని యుక్కు దానిని కుంచించుకొననీయదు. ఆ పెనుగులాట ఆగినచోట బిగువు నిలిచిపోవును. శాస్త్రజ్ఞులు దీనిని అవశేష ప్రతిబల మందురు.

దాని పరిమాణ మెంతో చిన్న లెక్కతోనే తెలియును. ఉక్కు ఒక్క డిగ్రీ వేడెక్కినచో తన పొడవులో పదిలక్షలకు సుమారు 12 వంతులు పెరుగును. చల్లారినచో నంతే తఱుగును. సముద్రగర్భ గొట్టములకు వాడు ఉక్కులలో ఎక్స్-65 అను రకము ప్రసిద్ధమైనది. అది చదరపు సెంటీమీటరునకు సుమారు 4,500 కిలోల లాగుడువఱకు నోర్చుకొని, ఆపై సాగుట కారంభించును. తఱుగనీయకుండ గట్టిగా పట్టియుంచినచో ఈ యుక్కు కేవలము 180 డిగ్రీలు చల్లారుటతోనే ఆ హద్దును చేరును. వెల్డింగులో నైతే ఉక్కు సుమారు 1,500 డిగ్రీలవద్ద కరగి, చేతితో తాకదగినంతవఱకు చల్లారుచున్నది. కావున, ఇంకను వాయువు ప్రవేశింపకమునుపే, సముద్రములోనికి దిగకమునుపే, అతుకులో నుక్కు ఓర్వగల హద్దునకు దగ్గరగా బిగువు నిలిచియుండుట యరుదు కాదు. మన యింజనీరులు గొట్టము మందమును వాయువొత్తిడినిబట్టి నిర్ణయింతురు. ఆ యొత్తిడి రాకమునుపే లోపల కూర్చున్న యీ యతిథిని గణింపకున్నచో ఆ నిర్ణయ మసంపూర్ణమే యగును.

ఈ యతిథి యెంతటివాడో లోకము కష్టపడి నేర్చుకొన్నది. బెల్జియముదేశమున హాసెల్టువద్ద ఆల్బర్టు కాలువపై వెల్డింగుతో కట్టిన యుక్కు వంతెన 1938 మార్చి 14వ తేదీన, కట్టిన కొలదికాలమునకే, పగిలి కూలిపోయెను. 1943 జనవరి 16వ తేదీన అమెరికాలోని పోర్ట్‌లాండు రేవున, గాలి లేదు, అల లేదు, నిలిచియున్న స్కెనెక్టడి యను క్రొత్త చమురు ఓడ పెళ్లుమని రెండుగా విఱిగెను. 1980 మార్చి 27వ తేదీన నార్వే సముద్రభాగమున అలెగ్జాండర్ కీలాండ్ అను తేలుడు వేదిక తలక్రిందులై 123 మంది ప్రాణములు పోయెను. పెద్ద స్తంభము నాధారించు కమ్మికి ఒక చిన్న పరికరమును తగిలించుటకై వేసిన ఆరు మిల్లీమీటర్ల యతుకువద్ద పుట్టిన పగులే ఆ ఘోరమునకు మొదలని విచారణలో తేలినది. పెద్ద యతుకులపై కన్ను వేసి చిన్న యతుకును విస్మరించిరి. చిన్న యతుకే పెద్ద కట్టడమును కూల్చెను.

ఈ విపత్తులన్నిటికి దాగిన బిగువొక్కటే కారణమని చెప్పుట న్యాయము కాదు. ఓడలు విఱిగిన తొలిదినములలో నింద యంతయు వెల్డింగుపై పడెను. కేంబ్రిడ్జిలో పనిచేసిన కాన్‌స్టెన్స్ టిప్పర్ అను విదుషీమణి, నాటి యుక్కు చలికి గాజువలె పెళుసగుచున్నదని నిరూపించిరి. పెళుసైన యుక్కు, చిన్నదైన పగులు, లోన నిలిచిన బిగువు – ఈ మూడును కలిసినప్పుడే అనర్థము. వీనిలో పగులును పరీక్షించి పట్టవచ్చును. ఉక్కు పెళుసుతనమును ప్రయోగశాలలో తెలిసికొనవచ్చును. బిగువు మాత్రము కంటికి కానరాదు, చెవికి వినరాదు. నాపరాతి పనివాడు సుత్తితో తట్టి రాతిలోని పొరను కనిపెట్టును. ఉక్కులోని బిగువును అట్లు తట్టి కనిపెట్టగల చెవి యెవరికిని లేదు. అందుచేతనే లెక్క యవసరమైనది.

ఆ లెక్క పుట్టుక తెలిసికొనదగినది. కదలుచున్న మంట చుట్టును వేడి యెట్లు వ్యాపించునో 1941లో డేనియల్ రోసెంతాల్ అను శాస్త్రజ్ఞుడు గణితసూత్రముతో ప్రకటించెను. ఆ సూత్రము మంటను ఒక బిందువుగా నెంచినది. ఉక్కు గుణములు ఎల్లవేళల నొక్కటేయని భావించినది. నిజమైన యతుకున కది చాలదు. 1971లో జపానుదేశపు ఉయెదా, యమకావా అనువారు పరిమిత ఖండ పద్ధతిని వెల్డింగు బిగువులకు వర్తింపజేసిరి. 1973లో హిబిట్, మార్సల్ అనువారు అతుకు చల్లారుటయు, ఆపై దానిమీద భారము పడుటయు ఒకే లెక్కలో చూపిరి. 1984లో కెనడాలో గోల్డాక్ మొదలగువారు వెల్డింగు మంటను బిందువుగా గాక, ముందు పొట్టిగా వెనుక పొడుగుగా నుండు గ్రుడ్డువంటి యాకృతిగా వర్ణించిరి. నేటికిని లోకమున వెల్డింగు లెక్కలు కట్టువారిలో ననేకులు ఆ యాకృతినే వాడుచున్నారు.

పరిమిత ఖండ పద్ధతి యనగా దుర్గ్రాహ్యమైనది కాదు. పెద్ద చేనిని మడులుగా విభజించి, ఒక్కొక్క మడికి నీరెంత వచ్చెనో, ప్రక్కమడికి ఎంత పోయెనో లెక్కించినట్లు, గొట్టమును లక్షలకొలది చిన్న ఖండములుగా విభజింతురు. వెల్డింగు మంట వచ్చి, నిలిచి, కదలిపోవుచున్నకొలది ఒక్కొక్క ఖండమునకు వేడి యెంత చేరెనో, ప్రక్కఖండమునకు ఎంత జాఱెనో కంప్యూటరు క్షణక్షణమునకు లెక్కించును. వేడినిబట్టి పెరుగుట, తఱుగుట, సాగుట లెక్కకు వచ్చును. వెల్డింగు ఒక్క వరుసతో ముగియదు. వరుసమీద వరుస పడును. రెండవ వరుస మొదటిదానిని మరల కాల్చును. పాత బిగువు కొంత సడలి క్రొత్త బిగువు చేరును. చల్లారుచున్నప్పుడు ఉక్కులోని స్ఫటికముల యమరికయే మారి, తఱుగవలసిన లోహ మొక క్షణము పెరుగును కూడ. ఇదంతయు మనుష్యుడు కాగితముమీద లెక్కించుటకు ఆయుష్షు చాలదు. కంప్యూటరు లెక్కించును. ఆ యంత్రముయొక్క ఉపకారమును తక్కువ చేయుట మా యుద్దేశ్యము కాదు.

నీటిలోపల వెల్డింగు చేయవలసి వచ్చినప్పుడు లెక్క మఱింత కఠినమగును. కొత్త గొట్టమును ఓడమీదనే యతుకుదురు గాని, దెబ్బతిన్న గొట్టమును బాగుచేయుటకు ఒక్కొక్కప్పుడు లోతులోనే పనిచేయవలెను. 1932లో సోవియట్ దేశమున క్రెనోవ్ అను శాస్త్రజ్ఞుడు నీటిలో వెల్డింగు చేయు విధానమును సాధించెను. కాని చుట్టునున్న నీరు కాలిన లోహమును క్షణములో చల్లార్చును. నీటిలోని హైడ్రోజను ఉక్కులోనికి చొచ్చును. గట్టిపడిన యుక్కు, చొరబడిన హైడ్రోజను, నిలిచిన బిగువు – ఈ మూడును కలిసినచో పని ముగిసిన కొన్ని గంటలకు, ఒక్కొక్కప్పుడు దినములకు, పగులు బయలుదేరును. కావున ముఖ్యమైన మరమ్మతులకు గొట్టము చుట్టును గదివంటి పెట్టెను దించి, నీటిని తోలివైచి, ఒత్తిడిగల వాయువులో పొడిగా వెల్డింగు చేయుదురు. ఏ లోతున, ఎంత వేడితో, ఎన్ని వరుసలతో చేసినచో బిగువు తగ్గునో లోతులో ప్రయోగము చేసి తెలిసికొనుట అసాధ్యము. ముందే లెక్క కట్టుకొని దిగవలెను. మన తీరపు గొట్టములకు వయస్సు మీఱుచున్నది. 1993 నాటివి మూడు దశాబ్దములు దాటినవి. పరచునాటి లెక్కకంటె బాగుచేయునాటి లెక్క మనకు ఇకముందు నెక్కువ యవసరము.

ఇంతవఱకు లెక్క మహిమను చెప్పితిమి. దాని హద్దును చెప్పకున్నచో పాఠకులను వంచించినట్లగును. కంప్యూటరు తనకు చెప్పినదానినే లెక్కించును. వేయి డిగ్రీల వేడిలో ఆ యుక్కు ఎంత మెత్తబడును? ఎంత వేగముగా చల్లారినచో ఏ స్ఫటికము లేర్పడును? వెల్డరు చేతిలోని మంటయొక్క వేడిలో ఎంత భాగము ఉక్కునకు చేరెను, ఎంత గాలిలో పోయెను? ఇవి కొలిచి తెలిసికొనవలసినవి. ఊహించి చెప్పదగినవి కావు. ఐరోపాఖండమున 2002లో నేర్పడిన యొక శాస్త్రజ్ఞుల కూటమి ఒకే ఉక్కు పలకపై ఒకే వరుస వెల్డింగు వేయించి, పలువురిచేత లెక్క కట్టించి, పలువురిచేత కొలిపించి, ఫలితములను సరిపోల్చినది. అంత సామాన్యమైన యతుకునకును లెక్కకు లెక్కకు భేదము వచ్చెను. ఆ భేదములను దాచక ప్రకటించిరి. దానివలననే ఆ శాస్త్రము ముందునకు సాగెను. పంచాంగము తప్పినచో గ్రహణము తప్పదు, పంచాంగమునే దిద్దుకొనవలెను. కంప్యూటరు తెరమీద నెఱుపు, పసుపు, నీలము రంగులతో కానవచ్చు బొమ్మ ఎంత మనోహరముగ నున్నను, ఉక్కులో చిన్న రంధ్రము చేసి ఎంత సడలెనో కొలిచిన కొలతయో, ఎక్సు కిరణములతోనో న్యూట్రానులతోనో స్ఫటికముల యెడమును కొలిచిన కొలతయో దాని ప్రక్కన లేనిదే, అది బొమ్మ మాత్రమే.

ఇచ్చట కొందఱు బుద్ధిమంతులు ఒక యాక్షేపణ చేయుదురు. “ఈ లెక్కలకు కావలసిన సాఫ్టువేరు పరదేశములలో సిద్ధముగా నున్నది. డబ్బిచ్చి కొనుక్కొందము. గొట్టములు పరచుటకు నియమగ్రంథములు కలవు. ధ్రువీకరించు సంస్థలు కలవు. మనము మరల చక్రమును కనిపెట్టుట యెందుకు?” అని వారి వాదము. ఈ వాదములో సత్యము లేకపోలేదు. పరదేశపు విద్యను వలదనుట అవివేకము. రోసెంతాల్ సూత్రమునకు జాతి లేదు, గోల్డాకు గ్రుడ్డునకు దేశము లేదు. కొనుటలో తప్పు లేదు. కొన్నది తెలియకపోవుటలో తప్పున్నది. బండి నడుపువాడు ఇరుసు సంగతి యెఱుగకున్నచో నడిదారిలో నిలిచిపోవును. ఇయ్యది కేవల మభిమానపు మాట కాదు. మన తీరపు టుక్కునకు, మన యుప్పునీటికి, మన వెల్డరుల పనికి సరిపడు గుణములను లెక్కలో చేర్చవలెనన్నచో, లెక్క లోపల నేమున్నదో యెఱిగినవారు మనలో నుండితీరవలెను. మూసిన పెట్టెలో నంకెలు వేసి, వచ్చిన యంకెను కన్నుల కద్దుకొనుట శాస్త్రము కాదు.

మనవారికి ఈ శక్తి లేదనుట యబద్ధము. గుడివాడలో జన్మించిన సత్యనాథము అట్లూరిగారు పగుళ్ల గణనమున లోకప్రసిద్ధి గాంచి 2013లో పద్మభూషణ బిరుదము నందిరి. తిరుచిరాపల్లిలో వెల్డింగు పరిశోధనాలయము 1975నుండి కలదు. తిరువనంతపురమందలి విక్రమ్ సారాభాయి అంతరిక్ష కేంద్రమువారు ఫీస్ట్ అను పరిమిత ఖండ సాఫ్టువేరును తామే నిర్మించి వాడుచున్నారు. రాకెట్టు కవచమునకు పనికివచ్చిన స్వదేశపు లెక్క గొట్టమునకు పనికిరాదా? వరంగల్లున 1959లో స్థాపించిన యింజనీరింగు కళాశాల కలదు. విశాఖపట్టణమున పెట్రోలియము విద్యకై 2016లో ప్రత్యేకముగా నొక సంస్థ వెలసినది. విద్వాంసులు కలరు, యంత్రములు కలవు, గొట్టములు మన తీరముననే కలవు. ఈ మూడింటిని కలుపు నతుకు మాత్రము గట్టిగా పడలేదు.

ఇక ప్రజల మాట. 2014 జూన్ 27వ తేదీ తెల్లవాఱుజామున కోనసీమలోని నగరము గ్రామమున గెయిల్ సంస్థవారి వాయుగొట్టము పగిలి మంటలు లేచి, ఇరువదిమందికి పైగా దగ్ధమైరి. ఇండ్లు, కొబ్బరితోటలు బూడిదయ్యెను. ఆ గొట్టము సముద్రమున నున్నది కాదు, నేలలో నున్నది. అచ్చటి దోషము వెల్డింగు బిగువు కాదు. తేమగల వాయువు వలన గొట్టము లోపలినుండి తుప్పుపట్టి పలుచబడెనని విచారణ తెలిపెను. ఆ సంగతిని మేము మఱువలేదు. అయినను ఈ ప్రస్తావనలో దానిని తలచుటకు కారణము కలదు. గొట్టములో తుప్పు నానాటికి పెరుగుచుండగా, దానిమీద నిద్రించిన పల్లెవారికి ఆ గొట్టము వయస్సు తెలియదు, దాని మందము తెలియదు, దాని ప్రమాదము తెలియదు. గొట్టము లోపలి సంగతి యెఱిగినవారు వేఱు, గొట్టము ప్రక్కన కాలిపోయినవారు వేఱు. తుప్పు విషయమున నేది జరిగెనో అతుకు విషయమున నది జరుగకూడదు. గాడిమొగవారును, ఓడలరేవువారును తమ ముంగిటికి వచ్చు గొట్టమునుగూర్చి కాకినాడ కచ్చేరులోనో ఢిల్లీ కార్యాలయములోనో నున్న కాగితమునందు గాక, తమ పంచాయతీ గోడమీద, తమ భాషలో చదువుకొనగలుగవలెను.

మన సీమకు ఈ పాఠము దూరముది కాదు. 2024 ఆగస్టు 10వ తేదీ రాత్రి తుంగభద్ర ఆనకట్ట 19వ గేటు గొలుసు తెగి గేటు కొట్టుకొనిపోయెను. కర్నూలు కడప కాలువక్రింద బ్రదుకు రైతులు ఆ రాత్రి ఎంత కలవరపడిరో చెప్పనక్కఱలేదు. గేట్ల నిపుణులు కన్నయ్యనాయుడుగారి యాధ్వర్యమున, నీరు పాఱుచుండగనే ఉక్కు పలకలు దించి కొద్ది దినములలో ప్రవాహము నాపిరి. ఆ సాహసమునకు దేశము చేతులు జోడించినది. కాని సాహసముతో నాపవలసిన పరిస్థితి వచ్చుటయే లోపము. దశాబ్దములు నీటిలో నానిన యుక్కులో నెంత బలము మిగిలెనో ముందుగా లెక్కించి, కొలిచి, ప్రకటించియున్నచో సాహసముతో పనియుండదు. మన పొరుగున పిన్నాపురమున 1,680 మెగావాట్ల శక్తికి సంకల్పించిన జలవిద్యుత్కేంద్రమును చూడుడు. ఎగువ జలాశయమునుండి దిగువకు నీరు దిగునప్పుడు, మరల పైకి ఎక్కునప్పుడు, గొట్టములపై ఒత్తిడి పెరుగుచు తఱుగుచు నుండును. ఒక్కసారి మోయు బరువుకంటె మాటిమాటికి వచ్చిపోవు బరువే అతుకును ఎక్కువ యలయించును. కీలాండు వేదికను కూల్చినది ఇట్టి యలసటయే. కడలి గొట్టమున కేది న్యాయమో కొండ గొట్టమున కదియే న్యాయము.

కావున మేము కోరున వేమి? మొదటిది: మన తీరమున గొట్టములు పరచిన ప్రభుత్వ సంస్థలును ప్రైవేటు సంస్థలును తమ వెల్డింగు విధానములను, వాడిన యుక్కు గుణములను, మిగిలిపోయిన గొట్టపు ముక్కలను ఆంధ్రదేశపు విశ్వవిద్యాలయములకు పరీక్షార్థము ఇయ్యవలెను. వ్యాపార రహస్యమన్నచో, పరచి పదియేండ్లు గడచిన గొట్టమున రహస్య మేమి మిగులును? రెండవది: ఒక్కొక్క రకపు టతుకునకు నిజపరిమాణమున నమూనా చేసి, ఒకచోట లెక్క, వేఱొకచోట కొలత జరిపి, రెంటిని ప్రక్కప్రక్కన ప్రకటింపవలెను. తప్పిన లెక్కను కూడ ప్రకటింపవలెను. తప్పిన లెక్క దాచినవాడు తరువాతివానిని గోతిలో త్రోయుచున్నాడు. మూడవది: ప్రతి గొట్టమునకును వయస్సు, తనిఖీ జరిగిన తేదీ, మిగిలిన బలము ఇంతయని సంవత్సరమున కొకసారి తెలుగున సామాన్యులకు తెలియు మాటలలో ముద్రించి గ్రామములకు పంపవలెను. వర్షపాతమును, జలాశయపు మట్టమును పత్రికలు దినదినము ప్రకటించుచుండగా గొట్టపు క్షేమమును ఏటి కొకసారి ప్రకటించుట అసాధ్యమా?

నాల్గవ మాట యొకటి కలదు. అది మఱింత ముఖ్యమైనది. ఈ లెక్కలన్నిటికి మొదలు వెల్డరు చెయ్యి. విద్యుత్తు ఎంత, దాని ఒత్తిడి ఎంత, చెయ్యి కదలిన వేగమెంత – ఈ మూడింటిని బట్టియే అతుకునకు చేరు వేడి నిర్ణయమగును. చెయ్యి ఒక క్షణము తడబడి నిదానించినచో వేడి పెరుగును; తొందరపడినచో తఱుగును. కంప్యూటరులో వేయు మొదటి యంకెను వ్రాయుచున్నవాడు ఆ పనివాడే. మన సీమనుండి కడప, రాయచోటి, రాజంపేట ప్రాంతముల యువకులు పొట్టచేతబట్టుకొని గల్ఫుదేశములకు పోవుచున్నారు. వారిలో చేతిపని నేర్చినవారు కలరు. అట్టివారికి ఇంటివద్దనే ఐ.టి.ఐ.లలో వెల్డింగుతోపాటు, తాము వేయు నతుకులో వేడి యెట్లు నడచునో, బిగువెట్లు నిలుచునో తెలుగున నేర్పినచో, ఆ పనివాడు కూలివాడుగా గాక, శాస్త్రమునకు సాక్షిగా నిలుచును. వరుస వేయుటకు ముందు ఉక్కును ఎందుకు వేడిచేయవలెనో, ఒకే ప్రక్క గాక ఎదురెదురుగా ఎందుకు వరుసలు వేయవలెనో తెలిసినవాని చేతికి తప్పు తక్కువ. పుస్తకము చదివినవాడు చేతిపనిని, చేతిపనివాడు పుస్తకమును చిన్నచూపు చూచినంతకాలము ఈ దేశమున అతుకులు సరిగా పడవు.

మనకు ఉక్కు కలదు, సముద్రము కలదు, విద్వాంసులు కలరు, పనివారు కలరు. చేసిన లెక్కను కొలతతో పోల్చుకొనుటకు వెఱవకుండుటయు, తేలిన సత్యమును ప్రజలముందు పెట్టుటకు సంకోచింపకుండుటయు మాత్రమే కావలసి యున్నవి. శాసనసభలోను, విశ్వవిద్యాలయములలోను, కంపెనీల సమావేశములలోను ఈ ప్రశ్న నడుగుటకు తీరవాసులకు ఎంత హక్కున్నదో మెట్టవాసులకును అంతే హక్కున్నది. గొట్టము వేసినవారు లెక్క చెప్పవలెను. ఆ లెక్క సరియైనదో కాదో తెలిసికొనగల చదువు మనము సంపాదించుకొనవలెను.